అడగని కిటికీ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: రాతిబల్ల ముందు మంగతాయారు, ఆమె పక్కన మేనకోడలు వీరవేణి, వంటింటి గడప మీద కాళ్లు చాపుకుని, చేతులకి చింతపండు రాసుకుని కంద చెక్కు తీస్తున్న నాయనమ్మ అప్పాయమ్మ, వసారాలో ఇంటి కట్టుతాళ్లకి ఆముదం పట్టిస్తున్న మావయ్య గవర్రాజు. పరీక్ష పెట్టడానికి రావలసిన ఒప్పుదల కచేరీ దొరబాబు గారిని కూడా లెక్కలో వేసుకోవాలి గానీ, ఆయన పడవ ఇంకా పాయ మలుపు తిరగలేదు.

ముద్ర వేసి కొత్త కిటికీలని లంకల్లోని ఇళ్లన్నింటికీ పంపే రోజు కాబట్టి ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. ఇంటిని నీటి మీద నిలబెట్టే తేలుపునాది కింద గోదావరి ఒక్కటే ఏదో నములుతున్నట్టు చప్పుడు చేస్తోంది.

వీరవేణి కిటికీలకి, అంటే ఇంటింటి బల్ల మీద లేచి మందులో నీళ్లో కావాలా అని అడిగే పలకలకి, అడుగుమాట రాస్తోంది. కచేరీల నుంచి వచ్చిన కొత్త కిటికీని బల్ల మీదకి పిలిస్తే, అది గాలిలోకి లేచి నిలబడుతుంది. ఒళ్లంతా బూడిదరంగు, కోసుగా ఉన్న మూలలు. దాని పై అంచున, తలకట్టులో, "ఉమ్మడి రూపు అడుగుతున్నాను" అని రాస్తుంది. రాసీ రాయగానే కిటికీ ఒంట్లోకి వెన్నరంగు పాకుతుంది. అంచులకి శంఖుపూల నీలం ఎక్కుతుంది. మూలలు గుండ్రబడతాయి. నొక్కే మీటల్లో 'సరే' ఎడమవైపు సర్దుకుంటుంది. 'మూత' కుడివైపు కిందకి, బొటనవేలు దానంతట అది వాలే చోటికి, వచ్చి కూర్చుంటుంది. తలంటి పోసుకుని కొత్త పరికిణీ కట్టుకున్న పిల్లలా ఉంటుంది అప్పుడు ఆ కిటికీ. ఎన్నిసార్లు చూసినా వీరవేణికి తనివి తీరదు.

మొదట్లో ఆమెకి ఈ అడుగుమాట సంగతి తెలియదు. కిటికీలన్నీ తల్లికిటికీకి పుట్టినవే కదా, తల్లికి రూపు వేస్తే పిల్లలకీ అదే వస్తుందనుకుంది. పనిలో చేరిన రోజున ఎంతో శ్రద్ధగా తల్లికిటికీని ముస్తాబు చేసి, అత్తని పిలిచి, పిల్లకిటికీలని లేపింది. అన్నీ బోసి మొహాలతో వరసగా లేచి నిలబడ్డాయి. మంగతాయారు నవ్వి నవ్వి పైట చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"పుట్టుకతో పని వస్తుంది వేణీ, రూపు రాదు. ఏ కిటికీకి ఆ కిటికీ నోరు తెరిచి అడగాలి. అడగనిదాన్ని పట్టుకుని నేను బలవంతంగా పూలు పెట్టను."

ఆ మాట వీరవేణికి బాగా నచ్చింది. తనకి నోరు తెరిచి అడగడం రాదు. ముద్ద చాలకపోయినా ఇంకాస్త వడ్డించమని అడగలేక చెయ్యి కడిగేసుకునే పిల్ల. అందుకే కిటికీల తరఫున తను అడుగుతున్నందుకు లోలోపల సంబరంగా ఉండేది.

అత్త పనితనం గురించి తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. రంగులన్నీ రూపుపెట్టెలో పేర్లతో ఉంటాయి. వెన్న, శంఖుపూవు, కాటుక, తేనె. ఏ కిటికీలోనూ సొంతంగా రంగు రాయకూడదు, పెట్టెలోంచి పేరు పెట్టి అడగాలంతే. ఒక వేసవిలో, ఎండపొద్దున అక్షరాలు వెలిసిపోయినట్టు కనిపిస్తున్నాయని లంకల నుంచి కబురొచ్చింది. మంగతాయారు పెట్టె తెరిచి, 'కాటుక' మీద వేలు ఆనించి, చారులో ఉప్పు సరిచూసినంత తేలిగ్గా రవ్వంత చిక్కబరిచింది. అంతే. పాయకి అటూ ఇటూ ఉన్న లంకలన్నింటిలో, ప్రతి ఇంటి బల్ల మీద, మందుల కిటికీలోనూ చేలనీళ్ల కిటికీలోనూ అక్షరాలు ఒక్కసారి ముదిరాయి. ఎదురింటి వసారాలోంచి ఎవరో "అమ్మయ్య" అన్నారు. ఆ అమ్మయ్య తన చెవిన పడినప్పుడు వీరవేణికి అత్త కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది. సిగ్గేసి ఊరుకుంది.

నిజానికి ఈ ఉమ్మడి రూపు పుట్టిందే అప్పాయమ్మ కోసం. పూర్వం ఏ కచేరీ కిటికీ దాని ఇష్టం. ఒకదానికి మూత పైన, ఇంకోదానికి పక్కన. ఒకదానిలో పచ్చరంగు నొక్కితే పంపినట్టు, ఇంకోదానిలో పచ్చరంగు నొక్కితే మానేసినట్టు. చూపు మందగించిన అప్పాయమ్మ ఒకసారి తన గుండె మందులు తనే వద్దని నొక్కేసింది. ఆ వారం ఆవిడ బతికి బయటపడడమే గొప్ప. ఆ తరువాత రెండేళ్లు బల్ల వైపు చూడలేదు. "ఆ రాయి మీద చెయ్యేస్తే ఏ పాము కరుస్తదో" అనేది. అప్పుడే కూతురు మంగతాయారు పంతం పట్టింది. ఒక్క కిటికీ వాడడం వస్తే అన్ని కిటికీలూ వచ్చినట్టే ఉండాలంది. కచేరీల చుట్టూ తిరిగి, బతిమాలి, పోట్లాడి, చివరికి అందరినీ ఒప్పించింది.

అందుకే ఏటా తొలకరికి ముందు, ముద్ర వేసే రోజున, అప్పాయమ్మనే బల్ల ముందు కూర్చోబెడతారు. ఏ కిటికీ వస్తుందో చెప్పరు. వరసగా లేపుతూ పోతారు. ఆవిడ చెయ్యి ఎక్కడైనా తడబడిందా, అది తప్పు కింద లెక్క. దానికి తడుముడు పరీక్ష అని పేరు. మంగతాయారు ముద్ర మొదలుపెట్టిన దగ్గర్నుంచీ తడుముడు సున్నాయే.

ఈసారి కొత్తగా వచ్చింది ఒకటుంది. వరద కిటికీ. ఇదివరకు గోదారి పోటెత్తితే కచేరీ మనుషులే పడవల్లో వచ్చి ఇళ్ల కట్లు విప్పేవారు. కట్టు వదిలితే ఇల్లు నీటితోపాటు పైకి తేలుతుంది. ఈ ఏటి నుంచి ఇంటివాళ్లే విప్పుకోవాలి. వరద కిటికీ లేచి అడుగుతుంది. 'సరే' అంటే కట్టు వదులుతుంది. మూసేస్తే వద్దన్నట్టు. కట్టు బిగిసే ఉంటుంది, నీళ్లు గోడలు దాటిపోతాయి.

వీరవేణి దానికీ అడుగుమాట రాసింది. అదీ వెన్నరంగు కట్టుకుంది. బావుంది అనుకుని దింపేసింది.

*

దొరబాబు పొట్టివాడు, నవ్వుమొహం. పడవ దిగుతూనే వాసన పట్టాడు.

"ఆయ్, కందా బచ్చలేనాండి తాయారు గారూ?"

"మీరొస్తున్నారని తెలిసి మా అమ్మ పొద్దున్నించీ దానితోనే కుస్తీ."

"సున్నా ఇచ్చేవాడికి కూరెయ్యకపోతే ఎలాగ్గానీ, ఈ ఏడాదైనా ఒక్క తప్పు చెయ్యండీ బాబూ. ప్రతిసారీ సున్నా రాస్తుంటే, వీడు పరీక్ష పెట్టకుండానే రాసేస్తన్నాడు, భోంచేసి వచ్చేస్తన్నాడు అంటున్నారండి మా కచేరీలో."

"రెండోది నిజవేగా" అన్నాడు గవర్రాజు వసారాలోంచి.

భోజనాలయ్యాక అప్పాయమ్మని బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆవిడ చేతులు తుడుచుకుని, వేళ్లు విరుచుకుని, పేకాటకి కూర్చున్నదానిలా చీర సర్దుకుంది.

"కానియ్యవయ్యా."

దొరబాబు కిటికీలు లేపసాగాడు. మందులది లేచింది. సరే. రేవు పడవల వేళలది. చూసి మూత. చేలనీళ్లది. సరే. బడిపిల్లల హాజరుది. మూత. అప్పాయమ్మ చిక్కుడుకాయలు ఒలిచినట్టు ఒలిచి పారేస్తోంది. మధ్యలో దొరబాబుతో మాట్లాడుతోంది కూడా.

"మీ ఆవిడ మోకాలి నొప్పి తగ్గిందా?"

"ఎక్కడండీ, ఇప్పుడు రెండోదానికీ వచ్చింది."

"ఒకదానికొకటి తోడు."

మూత. సరే. మూత.

వీరవేణి తలుపు వారగా నిలబడి చూస్తోంది. ఆ ముసలి చెయ్యి అంత నమ్మకంగా గాలిలో తిరుగుతోంది. రెండేళ్లు ఒళ్లో ముడుచుకుని కూర్చున్న చెయ్యి అది. అత్త దాన్ని మళ్లీ బతికించింది.

అప్పుడు వరద కిటికీ లేచింది. వెన్నరంగు ఒళ్లు, శంఖుపూల అంచు, కాటుక అక్షరాలు. "గోదావరి పోటెత్తుతోంది. మీ ఇంటి కట్లు విప్పమంటారా?"

"కొబ్బరినూనె వెచ్చచేసి రాయమను" అంటూ అప్పాయమ్మ బొటనవేలు వాల్చింది.

మూత.

మరో రెండు కిటికీలు. ఐపోయింది. దొరబాబు చప్పట్లు కొట్టాడు. "సున్నా అండి, మళ్లీ సున్నా!" గవర్రాజు ఆముదం చేతులతోనే ఈల వేశాడు. మంగతాయారు తల్లి భుజం మీద చెయ్యి వేసి ఒక్కసారి నొక్కింది. ఆ మొహంలో వెలుగు చూసి వీరవేణి కూడా చప్పట్లు కొట్టబోయింది. చేతులు కలవలేదు.

నాయనమ్మ పక్కన చతికిలబడి మెల్లగా అడిగింది.

"నాయనమ్మా, ఇందాక మోకాళ్ల గురించి చెప్తున్నప్పుడు వచ్చిన కిటికీ ఏంటి?"

"ఏవో పడవల వేళలే బుల్లెమ్మా. ఏం?"

"ఏం లేదు."

*

మంగతాయారు పెరటి మెట్ల మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టింది. ముద్ర వేసేముందు కాసేపు అలా కూర్చోవడం ఆమెకి అలవాటు. వీరవేణి వెనక నిలబడి మూడుసార్లు గొంతు సవరించుకుంది.

"ఏంటే, గొంతులో ముల్లా?"

"అత్తా, నాయనమ్మ వరద కిటికీ మూసేసింది."

"పరీక్షలో ఏది నొక్కినా ఒకటేగా. తడబడకపోవడం ముఖ్యం."

"చదవలేదు అత్తా."

"అక్షరాలు పెద్దగానే ఉన్నాయి. నిజంగా వరదొస్తే చదువుతుంది."

"చదవదు." ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని వీరవేణికి అనుమానం వచ్చింది. "చదవక్కర్లేకుండా చేసింది మీరే. చెయ్యి దానంతట అదే వెళ్లిపోతుంది. అన్ని కిటికీలకీ అదే బావుంటుంది అత్తా, దేవుడి మీద ఒట్టు, అంత అందమైన పని నేనెక్కడా చూడలేదు. కానీ ఈ ఒక్కదాని దగ్గర చెయ్యి ఆగాలి. మనం ఆగడాన్ని తప్పంటున్నాం."

మంగతాయారు కాళ్లు కదపడం మానేసింది.

లోపల్నించి గవర్రాజు గొంతు వినిపించింది. "కందకి లేని దురద కత్తిపీటకెందుకే కోడలా? దొరబాబు గారే సున్నా అన్నాక."

"మీరూరుకోండి" అంది మంగతాయారు వెనక్కి తిరక్కుండానే. తరువాత మేనకోడలితో, నెమ్మదిగా, "ఈ పూట ఏం చెయ్యమంటావు? పెట్టెలో కొత్త రంగు చేర్చాలంటే కచేరీలన్నీ ఒప్పుకోవాలి. ఏడాది పని. దీని ఒక్కదానికి మినహాయింపు ఇచ్చాననుకో, రేపొద్దున రేవువాళ్లు మా కిటికీకి నెమలి బొమ్మ కావాలంటారు. మందులవాళ్లు ఎర్రంచు కావాలంటారు. మళ్లీ ఏ కిటికీకి ఆ కిటికీయే. మళ్లీ మా అమ్మ ఆ బల్లని చూసి భయపడుతుంది. ఆ రెండేళ్లూ ఎలా గడిచాయో నీకు గుర్తుండదు."

"గుర్తుంది అత్తా. చిన్నదాన్ని, అంతే. అన్నం నేనే తినిపించేదాన్ని."

నీళ్లలో మంగతాయారు పాదాలు తెల్లగా, ఎవరివో అన్నట్టు కనిపిస్తున్నాయి. దూరంగా పాయ మధ్యలో నీటిరంగు మారుతోంది. ఎగువన వానలు మొదలయ్యాయని దాని గుర్తు.

వీరవేణి లోపలికి వచ్చింది. దొరబాబు గోడకి జారబడి కునుకు తీస్తున్నాడు. బల్ల ఖాళీగా ఉంది. ఆమె వరద కిటికీని పిలిచింది. వెన్నలా, పూవులా, అత్త చేతిలా లేచి నిలబడింది అది. ఎంత బావుందో! ఒక్క క్షణం దాన్నలాగే చూసింది. తరువాత తలకట్టులోకి వెళ్లి, పొద్దున తనే రాసిన అడుగుమాటని తనే చెరిపేసింది.

రంగు ఒంట్లోంచి జారిపోయింది. బూడిద బయటపడింది. మూలలు కోసుదేరాయి. మూత కిందనుంచి మాయమై, ఎక్కడో పైన ఎడమ మూలకి పోయి చిన్న గీతలా నిలబడింది.

బల్ల ఊరుకోలేదు. అంచు వెంట తేనెరంగు వెలిగి, తప్పులు పట్టే సరిచూపు గొంతు వినిపించింది. "ఒక కిటికీ ఉమ్మడి రూపు అడగలేదు. ముద్ర కుదరదు."

దొరబాబు ఉలిక్కిపడి లేచాడు. "ఏంటమ్మా, ఏం చేశావు?"

వీరవేణి నాయనమ్మ దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

"నాయనమ్మా, ఇంకొక్కసారి కూర్చోవే."

"మళ్లీనా? నాకేం బహుమానమిస్తారేటి?" అంటూనే వచ్చి కూర్చుంది అప్పాయమ్మ. పెరటి గుమ్మంలో మంగతాయారు తడికాళ్లతో నిలబడింది. ఆపమనలేదు.

ఈసారి కిటికీలు వీరవేణి తనే లేపింది. మందులది. సరే. రేవుది. మూత. చేలనీళ్లది. సరే. అప్పాయమ్మ ఆవలించింది. బడిది. మూత.

వరదది లేచింది.

బొటనవేలు అలవాటు చొప్పున కిందకి వాలింది. అక్కడేమీ లేదు. చెయ్యి గాలిలో ఆగిపోయింది. అప్పాయమ్మ వీపు నిటారుగా లేచింది.

"ఏటిది? ఇది మనది కాదే! ఎవరి కిటికీ ఇది?"

ఆవిడ కళ్లు చిట్లించుకుని, ముందుకి వంగి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కో అక్షరం ఏరుకుంది.

"గోదావరి... పోటెత్తుతోంది... మీ ఇంటి... ఓలమ్మో! గోదారొస్తంది, గవర్రాజూ! కట్లిప్పమంటావా అని అడుగుతుంది. విప్పమనవయ్యా, చూస్తావేటి!" వెతికి వెతికి, చూపుడు వేలితో 'సరే' పొడిచింది. తరువాత అందరి మొహాలూ చూసి, పరీక్షే అని గుర్తొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుంది. "సచ్చినోళ్లారా, హడలగొట్టి చంపేశారు."

కట్టుతాడు చేతిలో పట్టుకునే లేచి నిలబడ్డాడు గవర్రాజు.

దొరబాబు మంగతాయారు వైపు తిరిగి మెడ గోక్కున్నాడు. నవ్వుమొహం కాస్త చిన్నబోయింది.

"తడుముడు ఒకటండి. నేను చూశాక రాయక తప్పదు. ఆ పిల్ల అడుగుమాట మళ్లీ రాసేస్తే నేనూ ఇందాకటి సున్నాయే రాసుకుపోతాను. లేదంటే మీకు తెలుసు కదండీ. సరిచూపు వద్దన్నాక కూడా ముద్ర పడాలంటే, వేసేవాళ్లు 'తెలిసే వేస్తున్నాను' అని నోటితో అనాలి. ఆ మాట కచేరీలన్నింటికీ వెళ్తుంది. పిలుస్తారు. ఉమ్మడి రూపు పెట్టినావిడే దాన్ని చెడగొట్టింది అంటారు. వచ్చే ఏడు ఈ ముద్ర వేసే బల్ల మీ ఇంట్లో ఉంటుందని నేను మాటివ్వలేనండి."

మంగతాయారు బల్ల దగ్గరికి నడిచింది. ఆమె వెనక నేల మీద తడి అడుగులు పడ్డాయి. బూడిద కిటికీ ఇంకా గాలిలోనే ఉంది. దాని చుట్టూ తిరిగి చూసింది. కోసు మూలని వేలితో తాకి, గుచ్చుకున్నట్టు వెనక్కి తీసుకుంది.

"ఎంత అనాకారిగా ఉందో!"

"అవును అత్తా" అంది వీరవేణి తల దించుకుని.

"మూత ఎక్కడో చూరులో పెట్టినట్టుంది."

"అవును అత్తా."

"మా అమ్మ చెయ్యి ఇలా ఆగిపోవడం చూసి ఎన్నేళ్లయిందో. ఇంకెప్పుడూ ఆగకూడదనే ఇదంతా చేశాను." మంగతాయారు తల్లి వైపు చూసింది. అప్పాయమ్మ ఇంకా గుండె మీద చెయ్యి తియ్యలేదు గానీ, కళ్లు మాత్రం ఆ బూడిద కిటికీ మీంచి తిప్పడం లేదు. మళ్లీ మళ్లీ చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి. బల్లంటే భయం లేదు ఆ మొహంలో. గోదారంటే ఉంది.

మంగతాయారు ఆ పెదాల వైపు చూసింది. ఆ తరువాత పైట నడుముకి బిగించి దోపింది.

"అందరూ వసారాలోకి నడవండి. ముద్ర వేళయింది."

ముద్ర వేసేటప్పుడు గదిలో వేసేవాళ్లొక్కరే ఉండాలి. లోపల ఎవరున్నా వాళ్లదీ బాధ్యతే అవుతుంది. దొరబాబు చెప్పులేసుకున్నాడు. గవర్రాజు అత్తగారిని చెయ్యి పట్టుకుని లేపాడు. వీరవేణి మాత్రం గడప దగ్గర ఆగిపోయింది.

"అత్తా, చెరిపింది నేను. నేనూ ఉంటాను లోపల."

"బయటికి పోవే."

"మీ పేరు పోతుంది. నేనే చెరిపానని చెప్తాను. అందరి ముందూ చెప్తాను, నిజంగా."

"అబ్బో, మాటలొచ్చాయే నీకు!" మంగతాయారు తలుపు రెక్క మీద చెయ్యి వేసింది. కోపంగా ఉన్నట్టే ఉంది, కానీ రెండో చెయ్యి వచ్చి వీరవేణి చెవి వెనక చెదిరిన జుట్టు సర్దింది, కొత్త కిటికీకి అంచు సర్దినట్టు. "అడుగుమాట రాయడం మీ అత్త నేర్పింది. ఎక్కడ రాయకూడదో నీకెవరూ నేర్పలేదు. ఆ మాట గుర్తుపెట్టుకో. ఇక్కడ మాత్రం నీ పేరు అక్కర్లేదు. ముద్ర వేసే చెయ్యి నాది."

"అత్తా..."

మెత్తగానే, కానీ గట్టిగా, భుజం పట్టుకుని గడప అవతలికి తోసింది. వసారా కింద గోదారి ఇంటిని ఒకసారి పైకెత్తి దింపింది. వాటంతటవే దగ్గరవుతున్న రెక్కల సందులోంచి వీరవేణికి బల్ల మీద బూడిద కిటికీ కనిపించింది. దాని ముందు వేలు చాచి నిలబడిన అత్త, బెరుకు లేకుండా, పాయ అవతలికి కూడా వినిపించేంత స్పష్టంగా, "తెలిసే వే..." అంటుండగానే, వీరవేణి మొహం మీద తలుపు మూసుకుంది.